చుక్క ముట్టని వ్యసనం

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. సారాంశం ఇస్తున్నాను, కొన్ని చోట్ల ఆవిడ మాటలే ఉంచాను.

వయసు 39. ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో భర్త, హైస్కూల్లో చదివే కొడుకు. రెండేళ్ల కిందట డిప్రెషన్ వచ్చింది. మంచం దిగలేని రోజుల నుంచి మందులతో తేరుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నారు. ఇంకా నిరాసక్తత పోలేదంటే డాక్టరు ఏడాది కిందట మరో చిన్న మాత్ర కలిపారట. దాంతో హుషారు వచ్చిందని, ఇప్పుడు చెకప్‌కి వెళ్తే "బాగున్నారు, ఇవే కొనసాగించండి" అంటున్నారని రాశారు.

బాగాలేనిది వేరే ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ తీసి ఏదో ఒకటి కొంటారు. బట్టలు, చెప్పులు, స్టీలు డబ్బాలు, కొడుక్కి రంగు పెన్సిళ్లు. "వాడు బొమ్మలెయ్యడం ఎప్పుడో మానేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కొన్నాను. రెండు సెట్లు." ఆర్డరు పెట్టాక గుండె బరువు దిగినట్టయి నిద్ర పడుతుందట. మర్నాటి నుంచి ఆ పార్శిల్ ఎక్కడిదాకా వచ్చిందో గంటకోసారి చూసుకుంటారు. తీరా వచ్చాక విప్పబుద్ధి కాదు. టేపు కూడా ఊడదీయని డబ్బాలు బీరువాలో బట్టల వెనక పేరుకుపోయాయి. తేదీ కనపడకుండా పైన అంటించిన చీటీ చింపేస్తారు. భర్త ఇంట్లో ఉన్నప్పుడు వస్తే కొడుకే గుమ్మం దగ్గర అందుకుని, ఆయన కంటపడకుండా లోపల పెట్టేస్తాడు. "నేను చెప్పలేదు. వాడికే అర్థమైంది."

రెండు క్రెడిట్ కార్డుల సంగతి భర్తకి తెలుసు, మూడోది తెలియదు. ఒకదాని బాకీ ఇంకోదాంతో కడుతున్నారు. ఒకసారి బిల్లు ఆయన చేతికి చిక్కి పెద్ద గొడవైంది. ఇక కొననని ఒట్టేసి దాదాపు మూడు నెలలు నిజంగానే మానేశారు. "ఆ మూడు నెలలూ ఫోన్లో రంగు గోళీలు పేల్చే ఆట ఆడాను, తెల్లవారుజాము మూడింటిదాకా. దానికి డబ్బు ఖర్చు లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు." తర్వాత ఒకరోజు ఆఫీసులో పదిమంది ముందు మాట పడి ఇంటికొచ్చారు. ఆ రాత్రే మళ్లీ మొదలైంది.

"మా నాన్న తాగి ఇల్లు గుల్ల చేశాడు. అందుకే నేను చుక్క ముట్టలేదు, ముట్టిన వాళ్లతో స్నేహం కూడా చెయ్యలేదు. మా అక్కకి ఈ అప్పుల విషయం చెప్పుకుంటే 'నాన్నకి సీసా, నీకు ఫోను' అంది. అప్పటినుంచీ దాంతో మాటల్లేవు. డాక్టరుకి చెప్పలేదు, షాపింగ్ గురించి ఆయనకేం చెబుతాం? నాది జబ్బా, వ్యసనమా, లేక బుద్ధి తక్కువా? మా ఆయనకి చెప్పాలా, మెల్లిగా నేనే తీర్చేసుకోవాలా?" అని అడిగారు. అంతా అయిపోయాక కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది: "ఒక్కోసారి నేనే లేకపోతే వీళ్లకి పీడ వదులుతుంది కదా అనిపిస్తుంది."

జవాబు:

ముందు ఆ అడుగున రాసిన వాక్యం సంగతి. మిగతావన్నీ దాని తర్వాతే. ఆ ఆలోచన వచ్చి పోయేదే కావచ్చు, మీరు దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తూ ఉండవచ్చు. కానీ డిప్రెషన్ ఉండి, ఎవరికీ చెప్పని అప్పు కూడా ఉన్న మనిషి నోట ఆ మాట వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. జూదం సమస్య ఉన్నవాళ్లలో ఆత్మహత్య ముప్పు ఎక్కువని మానసిక వైద్యులు హెచ్చరిస్తూనే ఉంటారు. అక్కడ అప్పు, సిగ్గు, రహస్యం ఒకచోట చేరతాయి. మీ దగ్గరా ఆ మూడూ ఉన్నాయి. కాబట్టి తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు. ఫోన్ చేసి ముందే సమయం తీసుకోండి, ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఎప్పుడైనా అది 'అనిపించడం' దాటి ఎలా, ఎప్పుడు అనే లెక్కల్లోకి వెళ్తే మాత్రం ఆ రాత్రి ఒంటరిగా గడపొద్దు. మీ వారిని లేపండి, ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అప్పు సంగతి చెప్పకుండానే ఆయన్ని లేపొచ్చు. "నాకేం బాగాలేదు, నన్ను ఒంటరిగా వదలొద్దు" అంటే చాలు. ఆ వేళ వివరణ ఇచ్చుకోవాల్సిన పనిలేదు.

ఇక మీ అక్క మాట. అది మొరటు మాటే. తండ్రి తాగుడు చూసి భయపడి, జీవితమంతా దానికి దూరంగా జరిగిన మనిషితో నువ్వూ ఆయనలాంటిదానివే అంటే ఎవరికైనా మండుతుంది. అయితే ఆవిడ అన్న తీరు పక్కనపెట్టి అన్న విషయం చూస్తే, పూర్తిగా తప్పని నేను అనలేను. ఒంట్లోకి ఏదీ పోకుండా వ్యసనం ఎలా అవుతుందన్నది మీ సందేహం. మన పెద్దలు చెప్పిన సప్తవ్యసనాలు ఒకసారి గుర్తుచేసుకోండి. స్త్రీలోలత్వం, జూదం, పానం, వేట, పరుషంగా మాట్లాడటం, కఠినంగా శిక్షించడం, సొమ్ము వృథా చేయడం. ఏడింటిలో గొంతులోకి దిగేది ఒక్కటే. మిగతా ఆరూ చేసే పనులు. అది రాజులకి నీతి చెప్పడానికి కూర్చిన జాబితా, వైద్యం కాదు. కానీ సీసా లేకపోయినా మనిషి పట్టు తప్పగలడని అప్పుడే కనిపెట్టారు.

వైద్యశాస్త్రం మాత్రం ఇక్కడిదాకా రావడానికి చాలా తటపటాయించింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పుస్తకంలోకి జూదాన్ని 1980లో తీసుకుంది. అయితే వ్యసనాల కింద కాదు, ఉద్వేగాన్ని ఆపుకోలేని సమస్యల కింద చేర్చింది. 2013లో వచ్చిన అయిదో కూర్పులో గానీ దాన్ని మద్యం, మత్తుమందుల సరసన కూర్చోబెట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పుస్తకం ఐసీడీ-11లో జూదంతో పాటు వీడియో గేముల సమస్య కూడా వ్యసన ప్రవర్తనల కిందికి వచ్చింది. షాపింగ్ ఈ రెండు పుస్తకాల్లోనూ విడిగా ఒక వ్యసనంగా లేదు. అంటే అది కొత్తగా పుట్టిన సమస్య అని కాదు. ఎమిల్ క్రెపెలిన్ అనే జర్మన్ మానసిక వైద్యుడు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే ఆపుకోలేని కొనుగోళ్ల గురించి రాశాడు. దాన్ని ఏ గదిలో పెట్టాలన్నదే ఇంకా తేలలేదు. వ్యసనమని కొందరు, ఉద్వేగ సమస్య అని కొందరు, డిప్రెషన్‌కి నీడ అని ఇంకొందరు అంటారు. కాబట్టి "నాది జబ్బా, వ్యసనమా" అన్న మీ ప్రశ్నకి ముద్ర కొట్టి ఇచ్చే జవాబు ఎవరి దగ్గరా లేదు. చికిత్స మొదలెట్టడానికి ఆ ముద్ర అక్కర్లేదు కూడా.

ప్రతిదానికీ వ్యసనమని పేరు పెట్టేయడం మీద నాకూ పేచీ ఉంది. 1995లో ఇవాన్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు జబ్బుల పుస్తకం ధోరణిని వెక్కిరిస్తూ 'ఇంటర్నెట్ వ్యసన వ్యాధి' అని ఒకటి కల్పించి, దానికి లక్షణాలు కూడా రాసిపెట్టాడు. జోకు కోసం. జనం మాత్రం అవి తమకు ఉన్నాయని నిజంగానే ముందుకొచ్చారు. ఈ కథ రెండువైపులా పనికొస్తుంది. కొత్త పేరు పుట్టించడం ఎంత తేలికో చెబుతుంది, ఆ పేరు కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారో కూడా చెబుతుంది. పండక్కి ముందు నాలుగు ఎక్కువ కొన్నవాళ్లని, వారాంతంలో పొద్దుపోయేదాకా సీరియల్ చూసినవాళ్లని రోగుల్ని చేయడం నాకిష్టం లేదు.

మరి తేడా ఎక్కడ? ఎన్ని గంటలు, ఎంత డబ్బు అన్నదగ్గర వెతికితే దొరకదు. షాపింగంటే నిజంగా ఇష్టమున్న మనిషి పార్శిల్ రాగానే విప్పుతుంది, తొడుక్కుని అద్దంలో చూసుకుంటుంది, నలుగురికీ చూపిస్తుంది. మీరు టేపు కూడా ఊడదీయడం లేదు. మీకు కావలసింది వస్తువు కాదని మీ బీరువాయే చెబుతోంది. ఆర్డరు పెట్టడానికి ముందు క్షణంలో మీ లోపల ఏదో జరుగుతోంది, దాన్ని ఆపడానికి మీ చేతికి దొరికిన పని ఇది.

ఐసీడీ-11 గేముల విషయంలో చూడమనే మూడు సంగతులు మీ ఉత్తరానికీ సరిపోతాయి. మొదలెట్టడం, ఆపడం మన చేతిలో లేకపోవడం ఒకటి. మిగతా పనులన్నిటికన్నా దానికే ముందు పీట వేయడం రెండోది. నష్టం కళ్లకి కనపడుతున్నా ఆపకపోవడం మూడోది. ఇవి మామూలుగా ఏడాదిపాటు సాగి, బతుకును దెబ్బతీస్తూ ఉంటే సమస్య అంటారు. వీటికి మీరే మరికొన్ని కలిపి రాశారు. చీటీలు చింపడం దాపరికం. మొదట్లో వారానికి ఒకటి కొంటే తీరేదల్లా ఇప్పుడు రాత్రికి రెండు మూడైతే గానీ తీరడం లేదంటే మోతాదు పెరిగినట్టు. ఫోన్లో చార్జింగ్ లేని రాత్రి ఇంట్లో అందరిమీదా విసుక్కున్నానని ఒకచోట రాశారు, అది మానేసినప్పుడు వచ్చే చిరాకు. పోలిక తాగుడుతో దగ్గరగా ఉంది. ఒప్పుకోవడం కష్టమే.

పార్శిల్ వచ్చాక ఎందుకు ఆనందం ఉండదో చెబుతాను, ఎందుకంటే దాని గురించి మీరు మిమ్మల్నే బాగా తిట్టుకున్నారు. డోపమైన్ అంటే ఆనందం ఇచ్చే రసాయనమని పేరు పడింది గానీ అది పూర్తి నిజం కాదు. వుల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పండ్లరసం ఇస్తూ వాటి మెదడు కణాల్ని గమనించాడు. మొదట్లో రసం పడగానే డోపమైన్ కణాలు ఉలిక్కిపడేవి. రసం రాబోతోందని చెప్పే సూచన అలవాటయ్యాక, ఉలికిపాటు ఆ సూచన దగ్గరికి జరిగింది. రసం వచ్చినప్పుడు అవి మామూలుగానే ఉన్నాయి. ఎదురుచూపుదే సందడంతా. మీరు గంటకోసారి 'పార్శిల్ బయలుదేరింది' అన్న మాట చూసుకోవడం ఆ సూచనే. డబ్బా గుమ్మంలోకి వచ్చేసరికి సందడి అయిపోయింది. ఇక మిగిలేది బిల్లు. దీనికి తోడు కొనుగోలు యాప్‌లలో ఎప్పుడు ఏ తగ్గింపు కనపడుతుందో తెలియదు. పావురాల మీద బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాల్లో, గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే పావురం మీటని వదలకుండా పొడుస్తుందని తేలింది. జూదం యంత్రాలు నడిచే సూత్రం అదే. మీరు ఆడిన గోళీల ఆటదీ అదే. అంటే మీరు ఒంటరిగా, అలిసిపోయి, రాత్రిపూట పోట్లాడుతున్నది మిమ్మల్ని పట్టి ఉంచడమే పనిగా తయారైన వాటితో. బుద్ధి తక్కువ అన్న మాట ఇక కొట్టేయండి.

అయితే వ్యసనమనే నిర్ణయానికి వచ్చేముందు డాక్టరు తేల్చాల్సినవి రెండు మూడున్నాయి. ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఏడాది కిందట ఇంకో మాత్ర కలిపారు. కొనుగోళ్లు ఈ స్థాయికి ఎప్పుడు చేరాయి? డిప్రెషన్ మందుకి తోడుగా ఇచ్చే వాటిలో అరిపిప్రజోల్ ఒకటి. అది వాడే కొద్దిమందిలో జూదం, తిండి, షాపింగ్, లైంగిక కోరికల విషయంలో ఆపుకోలేని తపన పుట్టవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. మోతాదు తగ్గించినా, మందు ఆపినా ఆ తపన పోయిందని కూడా చెప్పింది. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకి ఇచ్చే కొన్ని మందులతోనూ ఇలాగే జరుగుతుందని అంతకుముందే తెలుసు. మీది ఆ మాత్రేనో కాదో నాకు తెలియదు, మీరు పేరు రాయలేదు. అదే అయినా ఇలా జరగడం అరుదు. కానీ అడగాల్సిన ప్రశ్న. అడగకుండా మాత్రం మీ అంతట మీరు ఆ మాత్ర మానేయొద్దు. ఒక్కసారిగా మానేస్తే డిప్రెషన్ తిరగబెట్టవచ్చు. మొదట కొన్న పార్శిల్ తేదీ, మాత్ర మొదలైన తేదీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని తీసుకెళ్లండి. పాత ఆర్డర్లన్నీ ఫోన్లో ఉంటాయి కాబట్టి అదేం కష్టం కాదు.

రెండోది ఆ 'హుషారు'. కొన్ని రోజులపాటు రెండు మూడు గంటలే పడుకున్నా అలసట లేకపోవడం, మాట వేగం పెరగడం, ఒకేసారి పది పనులు నెత్తినేసుకోవడం, ఖర్చు చెయ్యి దాటిపోవడం, ఆ తర్వాత ధబాలున కుంగిపోవడం ఉంటే అది బైపోలార్ వైపు, అంటే మనసు ఉప్పొంగడానికీ కుంగడానికీ మధ్య ఊగే జబ్బు వైపు, చూడాల్సిన విషయం. దాని చికిత్స వేరు, ఒట్టి డిప్రెషన్ మందులు కొందరికి దాన్ని ఎగదోస్తాయి కూడా. మీ ఉత్తరం చదివితే నాకలా అనిపించలేదు. మీరు కొనేది హుషారుగా ఉన్న రాత్రుల్లో కాదు, నలిగిపోయిన రాత్రుల్లో. అయినా చూడాల్సింది నేను కాదు, డాక్టరు. చిన్నప్పటి నుంచీ ఏ పనిమీదా మనసు నిలవకపోవడం, తొందరపాటు ఉంటే అదీ చెప్పండి.

ఇప్పుడు ఆ మూడు నెలలు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన భాగం అది. మీరు దాన్ని మంచి కాలంగా రాశారు. మీ వారూ అలాగే అనుకుని ఉంటారు. కొనడం ఆగింది, నిజమే. తెల్లవారుజాము మూడింటిదాకా మెలకువ ఆగలేదు. ఫోన్ ఆగలేదు. పగలంతా దిగమింగుకున్నది రాత్రికి పైకి తన్నుకురావడం ఆగలేదు. తలుపు మారింది, అంతే. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. తాగుడు మానిన మనిషి పందేల్లో పడతాడు, పందేలు మానినవాడు రోజుకి పద్నాలుగు గంటలు పనిలో మునుగుతాడు, దానికి అందరూ చప్పట్లు కొడతారు. డబ్బు పోనంతవరకూ, కంపు కొట్టనంతవరకూ ఎవరూ వ్యసనమని గుర్తించరు. అందుకే ఏ పని అన్నది కాకుండా, ఆ పనికి ముందు క్షణంలో మీకేం జరుగుతోందో చూడమంటున్నాను.

డిప్రెషన్‌కీ దీనికీ ఉన్న లంకె కూడా అక్కడే తెలుస్తుంది. మనసు బరువెక్కుతుంది, కొంటారు, కాసేపు తేలికపడుతుంది. తెల్లారాక అపరాధభావం, బిల్లు, దాపరికం. వాటితో మనసు ఇంకా కుంగుతుంది. ఏది ముందు పుట్టిందని తవ్వుకుంటూ కూర్చుంటే తెగదు. ఒకదానికే మందేసి రెండోదాన్ని దాచిపెడితే మాత్రం రెండూ తగ్గవు. డాక్టరు "బాగున్నారు" అన్నది మీరు చూపించిన సగాన్ని చూసి. అందులో ఆయన తప్పేమీ లేదు. షాపింగ్ గురించి ఆయనకేం చెబుతాం అన్నారు. చెప్పాల్సింది ఆయనకే. నోటితో చెప్పలేకపోతే మీరు నాకు రాసిన ఉత్తరమే ఆయన చేతిలో పెట్టండి.

అక్కడ ఏం దొరకొచ్చు? ఆపుకోలేని కొనుగోళ్లకంటూ ఆమోదం పొందిన ప్రత్యేక మందు లేదు. మాట ద్వారా చేసే చికిత్సల్లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచననీ అలవాటునీ కలిపి పట్టుకునే పద్ధతి, ఎక్కువగా వాడతారు. దాన్ని ఒక్కరితో విడిగానూ చేస్తారు, ఇదే బాధ ఉన్న కొద్దిమందిని కూర్చోబెట్టి కూడా చేస్తారు. గుంపులో చెప్పుకోవడం మీకు ఇప్పుడు ఊహకే భయంగా ఉండవచ్చు. కానీ సిగ్గు మీద పనిచేయడంలో దానికి సాటి ఇంకోటి నాకు కనపడలేదు.

మీ వారికి చెప్పాలా అన్నది మీ అసలు ప్రశ్న. చెప్పకుండా మెల్లిగా తీర్చుకోవడం కుదరనిదేమీ కాదు. కుదిరితే గొడవ తప్పుతుంది, మీ మర్యాద నిలుస్తుంది. కానీ దాచడానికి ఖర్చయ్యే శక్తి ప్రతిరోజూ మీ దగ్గర్నుంచే పోతుంది, ఆ ఒత్తిడికి మీకు తెలిసిన విరుగుడు మళ్లీ ఫోనే. పైగా ఒక కార్డుతో ఇంకో కార్డు కడుతున్న అప్పు మెల్లిగా తీరదు, వడ్డీతో మెల్లిగా పెరుగుతుంది. ఆయనే ఇంకోసారి కనిపెడితే, అప్పటికి మీ మాట మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా పోతుంది.

చెబితే కోపం వస్తుంది, అది ఖాయం. మూడో కార్డు సంగతి వినగానే ముందు డబ్బు గురించే మాట్లాడతారు, జబ్బు గురించి కాదు. దానికి సిద్ధపడి ఉండండి. సగం చెప్పి సగం దాచడం అన్నిటికన్నా చెడ్డది. ఇంకా ఏముందోనని ఆయన వెతుకుతూనే ఉంటారు, మీరు భయపడుతూనే ఉంటారు. అందుకని మొత్తం లెక్క ముందు మీరు రాసుకోండి. ఎవరికెంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు. ఒంటరిగా చెప్పలేననిపిస్తే డాక్టరు దగ్గరో, కౌన్సెలర్ దగ్గరో ముగ్గురూ ఉన్నప్పుడు చెప్పడం ఒక దారి. ఆలస్యమవుతుంది గానీ మాట అదుపులో ఉంటుంది. ఆయన చెయ్యి చేసుకునే మనిషి అయితే, మీరలా రాయలేదు గానీ, ఇంట్లో చెప్పే ఆలోచనే వద్దు. బయటి మనిషి ఎదుటే చెప్పండి.

విన్నాక ఆయన రెండు పనులు చేయవచ్చు. ఉన్న అప్పంతా ఒక్కసారి కట్టేసి "ఇక అయిపోయింది" అనడం మొదటిది. ప్రేమతోనే చేస్తారు. కానీ జూదం సమస్యల్లో పనిచేసేవాళ్లు ఎప్పుడూ భయపడేది దీనికే. కార్డు ఖాళీ అవగానే తపన మళ్లీ చోటు వెతుక్కుంటుంది. నెలనెలా మీ జీతంలోంచి కట్టుకుంటూ, ఆయనకి లెక్క కనిపించేలా పెట్టడం నెమ్మదైన దారే, చికాకు కూడా, కానీ నిలిచే అవకాశం ఎక్కువ. రెండోది కార్డులు, ఫోన్ అన్నీ లాక్కోవడం. కొన్నాళ్లు కార్డులు ఆయన దగ్గరుంచమని మీరే అడిగితే అది సాయం. ఆయన లాక్కుంటే కాపలా. కాపలా ఉన్నచోట దొంగదారి పుడుతుంది, అప్పుడు మీ తెలివంతా ఆ దారి మీదే ఖర్చవుతుంది. కాబట్టి ఎంతకాలం, ఏయే కార్డులు, మీ చేతి ఖర్చుకి ఎంత అన్నది ముందే ఇద్దరూ మాట్లాడుకోండి.

మీరే ఇవాళ చేసుకోగలిగినవి చిన్నవి. యాప్‌లలో దాచి ఉంచిన కార్డు నంబర్లు తీసేయండి. ప్రతిసారీ లేచి, పర్సు వెతికి, పదహారు అంకెలూ కొట్టాల్సి వస్తే ఆ తపనకి మధ్యలో కాస్త గాలి ఆడుతుంది. తగ్గింపుల నోటిఫికేషన్లు ఆపేయండి. నచ్చింది బుట్టలో వేసి మర్నాడు మధ్యాహ్నం చూడండి, రాత్రి కాదు. ఇవేవీ చికిత్స కాదు, అడ్డు మాత్రమే.

ఆ రాత్రి గంటకి అసలైన పని వేరే ఉంది. వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త తపనని అలతో పోల్చాడు. లేస్తుంది, శిఖరానికి వస్తుంది, విరుగుతుంది. ఆపాలని తోసే పనిలేదు, తీర్చే పనీ లేదు, విరిగేదాకా దాని మీద నిలబడటమే. మొదటి రాత్రులు ఇది హాస్యాస్పదంగా అనిపిస్తుంది. ఫోన్ తీయబోయే ముందు ఒక చీటీ మీద ఆ నిమిషంలో ఏముందో ఒక్క వాక్యం రాయండి. "ఆఫీసులో ఫలానా ఆయన అన్న మాట", "ఆయన భోజనం దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదు", "ఏమీ లేదు, ఖాళీగా ఉంది". రాశాక కొనాలనిపిస్తే కొనండి, కానీ రాసి కొనండి. రెండు వారాల చీటీలు డాక్టరుకి మీరు నోటితో చెప్పేదానికన్నా ఎక్కువ చెబుతాయి. నా అంచనా ఏమిటంటే, అందులో షాపింగ్ గురించి తక్కువ, నోరు నొక్కుకున్న మాటల గురించి ఎక్కువ ఉంటుంది. తప్పయితే సంతోషమే.

మధ్యలో ఒక రాత్రి జారిపోతారు. దాదాపు అందరూ జారతారు. ఆ మర్నాడు "ఎలాగూ పోయింది కదా" అని మొత్తం వదిలేయడం వల్ల జరిగే నష్టం ఆ ఒక్క పార్శిల్ ఖరీదు కన్నా ఎక్కువ. ఈసారి ఒట్లు వేయకండి. పోయినసారి వేసింది మీకు దాచడమే నేర్పింది.

నాన్న రక్తం నాలో ఉందా అన్న భయం మీరు రాయలేదు గానీ పంక్తుల మధ్య ఉంది. తల్లిదండ్రుల్లో వ్యసనం ఉంటే పిల్లలకి ముప్పు కొంత పెరుగుతుంది, నిజం. అది తలరాత కాదు, అది కూడా నిజమే. మీ ఇద్దరికీ తేడా ఏమిటంటే, సమస్య ఉందని ఆయన ఎవరికైనా ఉత్తరం రాశాడా? మీ అక్కతో ఎప్పుడు మాట్లాడాలన్నది మీ ఇష్టం. ఆవిడా ఆ ఇంట్లోనే పెరిగింది, తనకున్న భయం కూడా ఆ మొరటు మాటలో ఉండి ఉంటుంది.

డాక్టరుకి ఫోన్ చేశాక, అన్నిటికన్నా తొందరగా చేయాల్సిన పని మీ అబ్బాయి విషయంలో ఉంది. నాన్న కంటపడకుండా పార్శిల్ లోపల పెట్టడం మీరు చెప్పకుండానే వాడు నేర్చుకున్నాడు. తాగుబోతు ఇంట్లో పిల్లలు సీసాలు దాచడం ఎలా నేర్చుకుంటారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాడికి అప్పుల లెక్కలు, మందుల పేర్లు వద్దు. "నాకు ఒక ఇబ్బంది ఉంది, డాక్టరుకి చెబుతున్నాను, ఇది నీ తప్పు కాదు, ఇకమీదట ఏదీ నాన్న దగ్గర దాచక్కర్లేదు" అంటే సరిపోతుంది. అలా అన్నాక విషయం మీ వారిదాకా వెళ్లవచ్చు, అదీ ఆలోచించుకునే అనండి. ఆయనతో మాట్లాడటానికి మీకు ఇంకో వారం పట్టినా పట్టనివ్వండి. గుమ్మం దగ్గర ఆ డ్యూటీ మాత్రం వాడికి ఇవాళే తీసేయండి.